ఆరు-సున్నా

ఆల్విన్‌ను చంపింది సముద్రం కాదు, ఎగ్బర్ట్ రమ్ము కొట్టు ముందున్న డామినో బల్ల. వెర్నల్ దృష్టిలో ఇందులో వాదించడానికేమీ లేదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో తానూ ఒకడన్నది కూడా అతనికి తెలుసు.

ఆల్విన్ అతని తమ్ముడు, తనలాగే జాలరి. యాభై రెండేళ్ళు. భార్య పేరు హైసింత్. మార్చిలో రాజధాని కింగ్‌స్టన్ ఆసుపత్రిలో ప్రొస్టేట్ క్యాన్సరుకి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మగతనం దక్కలేదు. ఆ సంగతి పడవకు రంగు వేస్తూ అన్నకొక్కడికే చెప్పాడు.

"నిద్ర పట్టట్లేదన్నా. పొద్దున్నే లేవాలనీ అనిపించట్లేదు. హైసింత్ పక్కన పడుకోవాలంటే భయంగా ఉంది."

"వేర్ల కషాయం తాగు. మా ఆవిడ పోయిన మూడో రోజే నేను వేటకెళ్ళలేదా? నా కంట నీళ్ళు ఎవడైనా చూశాడా? మగాడివి, సర్దుకో."

"ఎవరికీ చెప్పకన్నా."

"నాకేం పిచ్చా?"

ఆ ఊళ్ళో చుక్కల డామినో బిళ్ళను బల్ల మీద పెట్టరు, కొడతారు. బల్ల అదరాలి, గ్లాసుల్లో రమ్ము చిందాలి. ఆల్విన్ దెబ్బకి ఒకప్పుడు కొట్టు వెనకాల మేకలు లేచి నిలబడేవి. ఆపరేషన్ తర్వాత అతను బిళ్ళను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టసాగాడు.

"ఏరా, పెట్ట కింద గుడ్లు సర్దుతున్నావా?" అనేవాడు ఎగ్బర్ట్.

"కొట్టరా, బల్లకేం నొప్పెట్టదులే!" అనేవాడు బస్సు తోలే లెన్‌ఫర్డ్.

ఆల్విన్ నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే వెర్నల్‌కి ఒళ్ళు మండేది.

ఆగస్టులో ఓ శనివారం మధ్యాహ్నం అన్నదమ్ములు జోడీగా కూర్చున్నారు. ఒక్క ఆటా గెలవకుండా వరుసగా ఆరు ఓడిపోవడం అక్కడ తలకొట్టేసినంత పని. ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుతారు. ఐదు పోయాయి. ఆరో ఆటలో నాలుగు చుక్కల బిళ్ళ పడాలి. ఆల్విన్ ఎటో చూస్తూ "లేదు" అన్నాడు. ఆట పోయాక బిళ్ళలు తిప్పితే రెండు నాలుగులు అతని చేతిలోనే ఉన్నాయి.

లెన్‌ఫర్డ్ గంతులేశాడు. "ఆరు-సున్నా! అన్నదమ్ములిద్దరికీ గౌన్లు కుట్టించండ్రా!"

వెర్నల్ తట్టుకోలేకపోయాడు. "నన్నంటారేంరా? నాకన్నీ సరిగ్గానే ఉన్నాయి. కింద కోసినప్పట్నుంచీ వీడికి చెయ్యి కూడా లేవట్లేదు!"

ఎగ్బర్ట్ పగలబడి నవ్వాడు. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు ఇటు తిరిగారు. ఆల్విన్ అన్న వైపు చూశాడు. ఆ చూపులో కోపమైనా ఉంటే బాగుండేది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వెర్నల్ వెంట వెళ్ళలేదు. మగాడి వెనక మగాడు పరిగెత్తడం అతను ఎరగడు. ఇంకో రమ్ము తెమ్మన్నాడు.

సోమవారం ఆల్విన్ పడవ ఖాళీగా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఇంజను బాగానే ఉంది. ఆ రెండు రోజులూ గాలి లేదు, వాన లేదు.

పోయినవాడి కోసం చేసే ప్రార్థనలన్నీ అయ్యాక హైసింత్ వెర్నల్ ఇంటికొచ్చింది. అతను గడప మీద కూర్చుని వల అల్లుతున్నాడు.

"బావగారూ, ఆ శనివారం కొట్టు దగ్గర ఏమైంది? పెట్టిన చేపా అరటికాయా ముట్టలేదు మీ తమ్ముడు. ఏమైందంటే 'అన్నని అడుగు' అన్నాడు."

"ఆడాం. ఓడిపోయాం."

"అంతేనా?"

"అంతే."

"మరి నన్ను చూడగానే అందరూ మాట ఎందుకు ఆపేస్తున్నారు?"

వెర్నల్ ముడి బిగించాడు. "వాళ్ళనే అడుగు. నన్నడక్కు. ఇవాళే కాదు, నేను చచ్చేదాకా ఆ మాట నా దగ్గర ఎత్తకు."