బరువు ఏ పక్క?

మూడో వారం కూడా నా బొమ్మ తప్పిందే. రోజంతా స్కూలు యూనిఫారాలు కుట్టి, పట్టేసిన నడుంతో కాళ్ళీడ్చుకుంటూ బొమ్మల క్లాసుకు వెళ్తే, మాస్టారు నా కాగితాన్ని వెలుగుకు పట్టి చూశారు. మధ్యలో నిలువునా మడత.

"ఏంటమ్మా ఇది?"

"సగం గీసి, మడిచి, రెండో సగం అచ్చు దించానండీ."

పాతికేళ్ళుగా గుడ్డ మడతపెట్టి కత్తిరిస్తున్న చేతులు నావి. సగం గీస్తే రెండోవైపు దానంతటదే వస్తుంది. చొక్కాకు అదే లెక్క, మనిషికీ అంతే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"హ్యాంగరుకు తగిలించిన చొక్కా ఇలా ఉంటుంది. మనిషి ఇలా నిలబడడు," అన్నారాయన. "బరువు ఎప్పుడూ ఒక పక్కకే పడుతుంది. ఏ పక్కో ముందు చూడండి, ముక్కూ మొహం తర్వాత. ఒకే మనిషిని మూడు రకాలుగా గీయండి. నిలబడి, కూర్చుని, ఏదో ఎత్తుతూ. బయటివాళ్ళెవరికైనా చూపించండి. మూడూ ఒకరే అని వాళ్ళంతట వాళ్ళంటేనే పై క్లాసు. లేదంటే మళ్ళీ మొదటినుంచి."

మొదటినుంచి అంటే నావల్ల కాదు. 'ఈ వయసులో నీకు బొమ్మలేంటి' అని మా ఆయన ఇప్పటికే రోజూ సాధిస్తున్నాడు. మళ్ళీ గుండ్రాలు దిద్దమంటే మానేస్తాను. మానేస్తే కుట్టుమిషనూ వంటగదీ తప్ప నాకంటూ ఇంకేమీ ఉండదు. తలచుకుంటేనే ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి ఫ్యాక్టరీలో భోజనాల విరామంలో అక్కను గీయడం మొదలుపెట్టాను. సొంత అక్క కాదు, పన్నెండేళ్ళుగా నా పక్క మిషను ఆవిడది. నిలబడితే భారమంతా ఎడమ కాలి మీదే వేస్తుంది. కూర్చుంటే కుడి భుజం జారిపోతుంది. బట్టల కట్ట ఎత్తేముందు ఒకసారి కళ్ళు మూసుకుంటుంది. ఇన్నేళ్ళూ ఆవిడ కబుర్లు విన్నానే గాని, మనిషిని చూడనే లేదు. దొంగచాటుగా మూడు రోజులు గీశాను. మొహాల జోలికి పోలేదు, నాకు రావు గనక. జుట్టు ముడి, మేమందరం తొడుక్కునే నీలం కోటు, అంతే.

ఎవరికి చూపించను? మా ఆయనైతే టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే బాగుందంటాడు. చివరికి అక్క ముందే పెట్టాను. తనను గీసినందుకు చీవాట్లు పెడుతుందని ఒక భయం, మూడూ ఒకరే అని పోల్చుకోదేమోనని ఇంకో భయం.

అక్క కళ్ళజోడు సర్దుకుని ఒక్కో కాగితమూ తిప్పి చూసింది.

"మూడూ ఒకరేగా," అంది.

గట్టెక్కాననుకున్నాను.

"ఎవరో కూడా తెలుస్తూనే ఉందిలే. నువ్వే కదూ?"

అక్క మళ్ళీ కాగితాల వైపు చూసింది.

"ఇంత అలిసిపోయావంటే! పక్కనే కూర్చుని కూడా నాకు తెలీలేదు చూడు. ఒక్కమాట చెప్పొచ్చుగా, పిచ్చిమొహమా!"

అంటూనే నా బల్ల మీది కాలర్లలో సగానికి పైగా తన వైపు లాక్కుంది.

అది నువ్వే అక్కా అని చెప్పాలి. చెప్తే తనెలా కనిపిస్తోందో తనకు తెలిసిపోతుంది. నాకు మనసొప్పలేదు.

"అవునక్కా, నేనే," అన్నాను.

కాలర్లు తిరిగి తీసుకోబోతే చేతి మీద ఒక్కటిచ్చింది.