ముందు గుటక

మూడో గ్లాసుది కాల్చిన మక్కకంకి, అందులో అనుమానం లేదు, కంకిని పై ఆకులతో సహా నిప్పుల్లో వేస్తే ముందుగా లేచే ఆ పచ్చి పొగ, దాని వెనక బెల్లం, దాని వెనక పాత చెక్క, ఇది మన పండుతాటి కల్లు లాంటిది, నిదానంగా వచ్చి కూచుంటుంది, లేవమన్నా లేవదు, స్లో సార్, కమ్ అండ్ సిట్, అని చెప్పాను, వాల్టర్ సార్ నవ్వుతూ పుస్తకంలో రాసుకున్నాడు, ఈ అమెరికా మనిషికి నా మాటలు రాసుకోవడం ఒక పిచ్చి, మొదటిది గోధుమది, మెత్తన, పొద్దున దించిన ఈతకల్లు, పిల్లలకి కూడా పట్టొచ్చు, రెండోది బొగ్గులో వడకట్టింది, నీట్ సార్, చొక్కా ఇస్త్రీ చేసినట్టు, అన్నాను, నాలుగోది వాళ్లు రై అంటారు, మిరియం, నాలుక చివర చురుక్కుమంటుంది, అది పోతుతాటి పొగరు, ఇంక మిగిలింది అయిదోది, దాని మీద చెయ్యి వెయ్యడానికి ఎందుకో మనసొప్పడం లేదు, శుక్రవారం మధ్యాహ్నం, బయట నలభై ఆరు డిగ్రీల ఎండ, కర్టెన్లన్నీ వేసేసి ఉన్నాయి, రియాద్‌లో ఈ కాంపౌండ్ గోడ అవతల ఈ అయిదు గ్లాసుల్లో ఒక్కటి దొరికినా జైలే, ఎదురుగా సోఫాలో కాలు మీద కాలేసుకుని లెబనాన్ మనిషి నబీల్ సార్, ఆ అయిదో బాటిల్ ఆయన తెచ్చిందే, పన్నెండేళ్లు పీపాలో ఉన్నదట, ఇద్దరూ కూచుని ఉన్నారు, నేను బల్ల పక్కన యూనిఫాంలో నిలబడి ఉన్నాను, ఏసీ మెకానిక్ మొండయ్య, అమెరికా సారాకి జడ్జీ.

ఎలా మొదలైంది ఇదంతా, రెండేళ్ల కింద ఈ ఇంట్లో ఏసీ కారుతోందని వచ్చి పైన జాలీ విప్పితే లోపల గాలిగొట్టంలో వరసగా బాటిళ్లు, కింద వాల్టర్ సార్ ముఖం సున్నం కొట్టినట్టయింది, నేనేమో ఒకదాని మూత దగ్గర ముక్కు పెట్టి, మక్కలు సార్, అన్నాను, ఎవరైనా అలా అంటారా, పోలీసు అంటాడేమో అనుకున్న మనిషి సోఫాలో కూలబడి నవ్వాడు, మీ ఊళ్లో ఏం చేసేవాడివి అని అడిగాడు, చెట్లు గీసేవాళ్లం సార్, తాటిచెట్లు, నోట్లో పోస్తే ఏ చెట్టుదో చెప్తాను, అప్పటినుంచి నెలకో రెండు నెలలకో ఒక శుక్రవారం పిలుస్తాడు, క్యాంపులో నా పక్క మంచం స్వామికి ఒక్కడికే తెలుసు, ఏందిరా గౌడూ, ఎడారిల గూడ నీ నాలుకకే గిరాకీ, మా నోళ్లు పప్పు తినుడుకేనా, అని ఒకటే ఆటపట్టించేవాడు, వాడు పోయిన నెల ఎగ్జిట్ కొట్టించుకుని ఊరికి వెళ్లిపోయాడు, మంచం ఖాళీ, ఆ వరసలో ఎనిమిది మంచాలకి అయిదు ఖాళీ.

రెడ్ అయింది మా కంపెనీ, సౌదీవాళ్లు ఇంతమంది ఉండాలని నితాఖత్ లెక్క, ఉన్నది ఇద్దరే, వాళ్లూ జీతానికి తప్ప రారు, రెడ్ అయితే ఎవరికీ ఇకామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ లేదు, నా ఇకామాకి ఇంకా పదకొండు రోజులు, ఇంకో కంపెనీ తీసుకుంటే మారొచ్చు, కఫీలు, అదే ఇప్పటి యజమాని, అడ్డం కూడా పడడు, కానీ తీసుకునేవాడేడీ, ఒక్కో పరాయి దేశపోడికి నెల నెలా లెవీ కట్టాలంటే ఏ కంపెనీకైనా మనం మనుషుల్లా కనపడతామా, నబీల్ సార్ వాల్టర్ సార్ కంపెనీలో మనుషుల్ని తీసుకునే పెద్ద, గ్రీన్ కంపెనీ, ఆయన సరే అంటే నేను ఉంటాను, ఊ అనకపోతే పోతాను, అంతే, అందుకే వాల్టర్ సార్ ఇవాళ ఆయన్ని పిలిచాడు, నీ నాలుక చూపించు మొండయ్యా, ఆయనకి నచ్చుతావు, తక్కినది నేను మాట్లాడతాను, అన్నాడు పాపం, పొద్దున ఊరి నుంచి నా భార్య పుష్ప ఫోను, ఏమాయె, ఆ సారు సంతకం పెడ్తడంటనా, పెట్టకుంటె వచ్చెయ్యి, మా అన్న నీకోసం దుకాణంల గల్ల కాడ జాగ ఉంచిండు, కూసుండి పైసలు తీసుకునుడే, ఎండ లేదు వాన లేదు, ఎందుకట్ల గుబులు పడ్తవు, అంది, ఆ కల్లు దుకాణం గుమ్మం మళ్లీ తొక్కనని కదా పన్నెండేళ్ల కింద విమానం ఎక్కాను, ఇక్కడ ఎండలో డాబాల మీద ఏసీలు మోసినా, అర్ధాకలితో పడుకున్నా, ఆ గల్లా దగ్గర కూచోవడం లేదు కదా అనుకుంటేనే నాకు నిద్ర పట్టేది, ఆ మాట పుష్పకి ఎట్లా చెప్పను, ఊర్లందరు అమ్ముతలేరా, నీకొక్కనికే వచ్చిందా నీతి, అంటుంది.

ఏయ్ మొండీ, ఏం ఆలోచన, తమామ్, అంతా బాగేనా, అంటున్నాడు నబీల్ సార్, అయిదో గ్లాసు వైపు చూపిస్తున్నాడు, ఆయన కళ్లల్లో కొత్తబట్టలు వేసుకున్న పిల్లవాడి సంబరం, ముందు నువ్వు తాగి మా ఇద్దరికీ ఇవ్వు, అంటున్నాడు, నేను ముందు తాగి ఇవ్వాలట, ఈయనకేం తెలుసు అలా ముందు తాగడంలో ఏముందో, మా నాయన కల్లు లొట్టి దించి, తాటిరేక మడిచి, మొదటి గుటక తాను వేసి, ఆ తర్వాతే తాగడానికొచ్చిన వాడి రేకలో పోసేవాడు, ఇచ్చేటోడు ముందుగాల తాగాలెరా మొండిగా, అప్పుడే అవతలోడు నమ్మి గొంతుల పోసుకుంటడు, నోటితోని చెప్పుడు కాదు, గుటకేసుడే మన ఒట్టు, అనేవాడు, చెడిన కల్లయితే ఒక్క మాట అనకుండా నేల మీద పారబోసేవాడు, ఎవరూ ఎందుకని అడిగేవాళ్లు కాదు, సరే, పట్టుకున్నాను గ్లాసు, రంగు బాగుంది, మరీ బాగుంది, ముక్కు దగ్గర పెడితే వెనిల్లా, కేకుల దుకాణం ముందు నిలబడినట్టు, నోట్లో పోశాను, చెక్క లేదు, ఎక్కడుంది చెక్క, నాలుక నాలుగు మూలలా వెతికాను, మక్క లేదు, మిరియం లేదు, మాడ్చిన చక్కెర ఉంది, దాని కింద సిద్దీఖీ, ఇక్కడ గోడల చాటున కాచే దొంగసారా, దాని కింద, అయ్యో దేవుడా, దాని కింద థిన్నర్, రంగు డబ్బాలో కలిపే థిన్నర్ వాసన, ఎవడో నబీల్ సార్‌కి పాత బాటిల్లో నింపి అంటగట్టాడు, హఫర్ అల్ బాతిన్‌లో ఒక క్యాంపులో ఇద్దరు బంగ్లాదేశీలు ఇలాంటిదే తాగి తెల్లారేసరికి కళ్లు పోయి గోడ ఎక్కడుందో తడుముకున్నారని స్వామి చెప్పాడు, గుటక ఇంకా నోట్లోనే ఉంది, కక్కలేక మింగలేక అంటారే, అదే నా పని, ఇద్దరూ నా గొంతు వైపే చూస్తున్నారు, కక్కితే ఆయన పరువు ఈ కార్పెట్ మీదే పడుతుంది, ఆయన పరువు పడ్డచోట నా సంతకం మొలుస్తుందా, వాల్టర్ సార్ పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని నా మాట కోసం కాచుకున్నాడు, ఆయన నన్ను నమ్మి తాగుతాడు, మింగితే ఒట్టేసినట్టే, మింగకురా, మింగకు.

మింగాను. వెరీ గుడ్ సార్, అన్నాను, ఓల్డ్, వెరీ ఓల్డ్, చేతులు రెండు గ్లాసుల్లో పోసి ఇద్దరికీ అందించాయి, వణకలేదు, అందుకే నాకు నా మీద అసహ్యం వేసింది, కనీసం వణకాలి కదా, అప్పుడూ వణకలేదు, ఇరవయ్యేళ్లప్పుడు పుష్ప వాళ్ల అన్న, అప్పటికి ఇంకా బావ కాలేదు, కాంట్రాక్టరు, చెట్లకల్లు చాలదని డ్రమ్ముల్లో నీళ్లు, మత్తెక్కించే తెల్లపొడి, చక్కెర పోసి కలపమంటే కట్టెతో తిప్పినవాణ్ని నేనే, మా నాయన నాలుక నాకుంది కదా, పాళ్లు నాకే తెలిసేవి, ముందు గుటక వేసి సీసాలు అందించినవాణ్నీ నేనే, బీడీలు చుట్టే పోశమ్మ పెద్దమ్మ రోజూ పొద్దు గూకే వేళకి వచ్చేది, నీ చేత్తోని ఇయ్యి కొడుకా, నువ్వు తాగినంక నాకు భయం లేదు, అనేది, ఏడాది తాగింది, ఆబ్కారీవాళ్లు వచ్చి దుకాణానికి తొమ్మిది రోజులు సీలు వేస్తే ఆ పొడి దొరక్క నాలుగో రోజుకి ఆమెకి మెడ నిలబడలేదు, కన్నకూతురు ఎదుట నిలబడితే ఎవరు బిడ్డా నువ్వు అని అడిగింది, వేళ్లు మాత్రం ఊరికే గాలిలో బీడీలు చుడుతూనే ఉన్నాయి, ఆకు లేదు, తంబాకు లేదు, చుట్టుడే, నేను చూశాను, చూసి ఇంటికి వచ్చి అన్నం తిన్నాను, తిన్నాను నిజంగానే, చింతపండు చారు, దాని రుచి కూడా గుర్తుంది, అదే నా ఖర్మ, ఈ నాలుక ఏదీ మర్చిపోదు.

వాల్టర్ సార్ తాగాడు, రెండేళ్లు నా పక్కన కూచుని నేర్చుకున్న మనిషి, ఆయన నోరు ఒక్క క్షణం ఆగిపోవడం నేను చూశాను, కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి, నా వైపు చూశాడు, నేను కాళ్ల వైపు చూసుకున్నాను, ఇప్పుడు ఆయనే చెప్తాడు, ఆయన అమెరికావాడు, ఆయనకేం భయం, ఆయన అంటే నబీల్ సార్ నవ్వేసి ఊరుకుంటాడు, అను సార్, నీ కాళ్లు మొక్కుతా, అనేయ్, అని లోపల మొక్కుకుంటుండగానే వాల్టర్ సార్ గొంతు సవరించుకుని, బ్యూటిఫుల్ నబీల్, ఇంత మంచిది నేను తాగలేదు, అన్నాడు, అని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు, ఏం రాశాడో నాకు తెలియదు, నబీల్ సార్ ముఖం వెలిగిపోయింది, తనూ ఒక్క గుక్కలో సగం లాగించి, చూశావా, నేను చెప్పలేదా, అంటూ లేచి వచ్చి నా భుజం తట్టాడు, మంచి నాలుక, మంచి మనిషి, ఆదివారం నీ ఇకామా, పాస్‌పోర్టు కాపీ పట్టుకుని ఆఫీసుకి రా, ట్రాన్స్‌ఫర్ నేను చూసుకుంటాను, ఖలాస్, అన్నాడు, ఖలాస్ అంటే అయిపోయిందని, అయిపోయింది, సంతకం దొరికింది, పదకొండు రోజుల బెంగ పదకొండు క్షణాల్లో తీరింది, సంతోషం రావాలి కదా ఈపాటికి, షుక్రన్ సార్, షుక్రన్, అంటూ రెండు చేతులూ జోడించాను, నోట్లో థిన్నర్ మండుతూనే ఉంది.

ఐస్ తెస్తానని వంటగదిలోకి వచ్చాను, వెనకాలే వాల్టర్ సార్ వచ్చాడు, నల్లా తిప్పి తన గ్లాసులోది పారబోశాడు, ఆ నీళ్ల చప్పుడులో మెల్లగా, నీకు తెలుసు కదా, అన్నాడు, తెలుసు సార్, అన్నాను, మరి ఎందుకు చెప్పలేదని ఆయన అడగలేదు, మీరెందుకు చెప్పలేదని నేనూ అడగలేదు, ఆయనే, నా కాంట్రాక్టు ఆగస్టులో అయిపోతుంది మొండయ్యా, నా సీట్లో సౌదీ ఇంజనీరుని పెట్టమంటున్నారు, నేను ఉండాలా పోవాలా అన్నది కూడా నబీల్ బల్ల మీదే ఉంది, అన్నాడు, ఆరడుగుల మనిషి, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ ఎదురుగా ఉన్నా కనపడనట్టు వెతుక్కుంటున్నాడు, నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది, నువ్వు కూడానా సార్, నువ్వు కూడా ఇంతేనా, తలుపు సందులోంచి హాలు కనిపిస్తోంది, నబీల్ సార్ రెండో గ్లాసు అయిపోగొట్టి మూడోది తనే పోసుకుంటున్నాడు, ఏదో పాట సన్నగా పాడుకుంటున్నాడు, ఆయనకి ఎవరైనా చెప్పాలి, అన్నాడు వాల్టర్ సార్, అవును సార్ చెప్పాలి, అన్నాను నేను, ఇద్దరం నల్లా వైపు చూస్తూ నిలబడ్డాం, చెప్తే ఏమవుతుంది, ఇందాక మీ ఇద్దరూ అబద్ధం చెప్పారా అంటాడు, నా ఇంటి బాటిల్‌ని విషం అంటారా అంటాడు, ఆదివారం ఆఫీసు తలుపు మూసుకుంటుంది, చెప్పకపోతే ఏమవుతుంది, ఏమీ కాకపోవచ్చు, ఒక్క గుటక నేనూ తాగాను కదా, నాకేం అయింది, చెయ్యి కళ్ల ముందు పెట్టుకుని చూసుకున్నాను, అయిదు వేళ్లూ కనిపిస్తున్నాయి, కానీ నాది ఒక్క గుటక, ఆయనది మూడో గ్లాసు.

మొండీ, ఐస్, అని హాల్లోంచి కేక, ఆ గొంతులో ఎంత ధీమా, ఎంత నమ్మకం, నేను తాగాను కాబట్టి ఆయనకి భయం లేదు, వస్తున్నా సార్, అని ఐస్ గిన్నె తీసుకున్నాను, వేళ్లు చల్లబడిపోతున్నాయి, పోశమ్మ పెద్దమ్మ నన్నేమీ చెయ్యలేని మనిషి, ఏమీ చెయ్యలేని మనిషి కాబట్టి ఆమెకి చెప్పలేదు, ఈయన నన్ను ఏమైనా చెయ్యగలడు, ఏమైనా చెయ్యగలడు కాబట్టి ఈయనకీ చెప్పడం లేదు, ఇన్నేళ్లూ ఆ కాంట్రాక్టరు నా నోరు నొక్కాడనే అనుకున్నాను, వాడినే తిట్టుకున్నాను, వాడు ఇక్కడ లేడు, మరి ఎవడు నొక్కుతున్నాడు, ఆదివారం సంతకం అవుతుంది, నేను ఇక్కడే ఉంటాను, పుష్పకి ఫోన్ చేసి నేను రావట్లేదు, మీ అన్నకి చెప్పు, ఆ గల్ల దగ్గర ఇంకెవరినైనా పెట్టుకోమను అంటాను, అదొక్కటీ అబద్ధం కాదు, ఇంకెవరినో పెట్టుకుంటాడు వాడు, కానీ ఆ దుకాణంలోంచి పారిపోయి వచ్చానని మాత్రం ఇక ఎవరికీ చెప్పలేను, ఐస్ గిన్నె బల్ల మీద పెట్టి, ఆయన గ్లాసులో మూడు ముక్కలు వేసి, ఆయన చాపిన చేతిలో పెట్టాను.