ఇలా ఇయ్యి

పొద్దున్న రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగి, మగవాళ్లంతా క్యారేజీలు తగిలించుకుని సైకిళ్ల మీద వెళ్లిపోయాక, జ్ఞానరత్నం వరండా కడిగి పీట వాల్చుకుని కూర్చునేది. అప్పటికే రైలు కాలనీ పక్క కాలవ దాటి ఎవరో ఒకరు వచ్చి ఉండేవారు. ఒకావిడ చంకలో దగ్గే పిల్లాడు, ఇంకొకావిడకి చలిజ్వరం, ఓ ముసలాయనకి చెవిపోటు. ఆమె అందరినీ ఓసారి చూసి, ఎవరిది బరువైన రోగమో తేల్చుకుని, చెయ్యి చాపి “ఇలా ఇయ్యి” అనేది. వాళ్లు ఇచ్చేసి తేలిగ్గా ఇంటికి పోయేవారు. ఆమె మూలుక్కుంటూ చెప్పులేసుకుని రైలువాళ్ల ఆస్పత్రికి నడిచేది.

ఖరగ్‌పూర్‌లో రోగం చేతులు మారుతుందన్న సంగతి అందరికీ తెలిసిందే. షరతు ఒక్కటే. పుచ్చుకునేవాళ్లు నోరు విప్పి అడగాలి, చెయ్యి చాపాలి. అడగనివాడి నెత్తిన ఎవరూ రుద్దలేరు. మరి ఇంకొకరి రోగాన్ని అడిగి తెచ్చుకునే పిచ్చివాళ్లు ఎవరుంటారు? అంత ఊరికీ జ్ఞానరత్నం ఒక్కతే ఉంది.

ఆమె ధైర్యమల్లా ఒక చిన్న కార్డు. భర్త సత్యవేదం వర్క్‌షాపులో ఫిట్టరు కాబట్టి ఆమెకి డాక్టరు, మందు, మంచం అన్నీ ఉన్నాయి. కాలవ అవతల మూటలు మోసేవాళ్లకీ, రిక్షాలు లాగేవాళ్లకీ, పాచిపనులు చేసేవాళ్లకీ ఏమీ లేవు. కాలవకి ఇవతల కేంద్ర ప్రభుత్వం, అవతల రాష్ట్ర ప్రభుత్వం. దోమలకి ఈ సరిహద్దు సంగతి ఎవరూ చెప్పకపోవడంతో అవి రెండువైపులా ఒకేలా కుట్టేవి.

రాష్ట్రం ఏమీ చెయ్యలేదంటే పాపం తగులుతుంది. కాలవ అవతల ఝపటాపూర్ చివర హెల్త్ సెంటర్ కట్టించింది. పెద్దమనుషులు వచ్చి రిబ్బను కత్తిరించి, ఇకమీదట వైద్యం పేదవాడి గుమ్మంలోకే నడిచొస్తుందని మైకులో చెప్పి, రసగుల్లాలు తిని వెళ్లారు. ఇనప మంచాలు వచ్చాయి, బెంగాలీలో బోర్డు వచ్చింది, తలుపుకి తాళం వచ్చింది, ఆ తాళానికి కాపలాగా చౌకీదారు వచ్చాడు. డాక్టరు మాత్రం రాలేదు. ఎవరడిగినా చౌకీదారు “ఆస్బేన్, ఆస్బేన్” అనేవాడు. వస్తారు, వస్తారు అని. ఆ డాక్టరు అలా ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాడు, చౌకీదారు వరండాలో మిరపకాయలు ఎండబెట్టుకుంటూనే ఉన్నాడు.

రైలు ఆస్పత్రి డాక్టరుగారికి మాత్రం ఏ పేచీ లేదు. “ఏమ్మా, మొన్న కోరింతదగ్గు, ఇవాళ మలేరియానా?” అని మందు రాసిచ్చేవాడు. కార్డు సరిగ్గా ఉంది, జ్వరం ఆమె ఒంట్లోనే ఉంది, ఆయనకి ఇంకేం కావాలి?

ఆ వర్షాకాలం వెళ్తూ వెళ్తూ తవిటయ్య కూతురు హైమవతికి కాలాజ్వరం తెచ్చిపెట్టింది. తవిటయ్య గూడ్స్ షెడ్డులో కాంట్రాక్టరు కింద కూలీ. మోసేవన్నీ రైలు మూటలే, తను మాత్రం రైలు మనిషి కాడు. పిల్ల ఒళ్లు నల్లబడింది, జుట్టు ఊడింది, పొట్ట కుండలా ఉబ్బింది. తల్లి అప్పలనర్సమ్మ భుజాన వేసుకొస్తే జ్ఞానరత్నం కొంచెం తటపటాయించింది. ఇది పూటలో దిగే జ్వరం కాదు, వారాల తరబడి సూదులు పడాలి. పిల్ల మెడ వాలిపోతూ ఉండడం చూసి, ఇక ఆగలేక చెయ్యి చాపింది.

రెండు సూదులు పడ్డాయో లేదో, కార్డు చెల్లదన్నారు. సత్యవేదం రిటైరయ్యాడట! ఇంకా ఏడాది ఉందనే మొగుడూ పెళ్లాల నమ్మకం. ఉద్యోగంలో చేరిననాడు గుమస్తా అతని మీసాలు చూసి వయసు వేసేశాడు, ఆ మీసాల లెక్కే చివరికి నెగ్గింది.

జ్ఞానరత్నం పొట్ట ఉబ్బింది, చెంపలు పీక్కుపోయాయి. హైమవతి మాత్రం వీధిలో గెంతుతోంది. సత్యవేదానికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“తిరిగి ఇచ్చీయే! నువ్వు పోతే నానేటైపోవాలి?”

“ఎవులికి ఇమ్మంతావు? ఆ గుంట హైమవతికేనా?”

ఆమెని చూడడానికి వస్తున్న అప్పలనర్సమ్మ గోడ అవతలే ఆ మాట విన్నది. పరుగున వచ్చి రెండు చేతులూ చాపింది. “నాకిచ్చీ అప్పా. నా కడుపున పుట్టినదాని రోగం, నాను పట్టుకుంతాను. ఇలా ఇయ్యి.”

జ్ఞానరత్నం తన చేతులు చెంగులో దాచేసుకుంది. “నోర్మూసుకుని ఎల్లు. నీ సంటిదానికి పాలెవులిస్తారే? నాను అడిగి పుచ్చుకున్నాను, నానే సూసుకుంతాను.”

చూసుకోవడానికి ఏముంది? మర్నాడు సత్యవేదం అర్జీ రాయించి, ఆమెని పట్టుకుని జిల్లా కేంద్రంలో ఆరోగ్య శాఖ ఆఫీసుకి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక ఆఫీసరు తలెత్తకుండానే ఏ పేట అని అడిగాడు.

“రైలు కాలనీయా? అయితే రైల్వేని అడగండి.”

“రైలోళ్లు మిమ్మల్ని అడగమన్నారు బాబూ,” అన్నాడు సత్యవేదం. “ఝపటాపూర్ సెంటర్లో డాక్టర్ని ఎయ్యండి. సూదులుంటే సాలు, మనిషి బతుకుతాది.”

“పోస్టింగు ఫైలు కలకత్తాలో ఉంది. అక్కణ్ణించి రావాలి.”

ఇంతలో ఫోను మోగింది. ఆఫీసరు ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, వీళ్లని త్వరగా వదిలించుకోవాలని రెండో చెయ్యి చాపాడు. “దావో, దావో. జా ఆఛే, ఆమాకే దావో.” ఏముంటే అది నాకియ్యి అని.

సత్యవేదం అర్జీ అందించబోయి ఆగిపోయాడు. ఏ భాషలో అడగాలన్న షరతు ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు.

జ్ఞానరత్నం బెదిరిపోయింది. “బాబూ, ఇది రోగం. సూసుకుని అడుగు,” అని బెంగాలీలో చెప్పింది. అతను వినలేదు. హిందీలో చెప్పింది.

“ఠీక్ హై, ఠీక్ హై, దావో!” అని కసురుకున్నాడు.

ఆమె ఇచ్చేసింది.

ఆఫీసరు కోటు గుండీలు టపటపా తెగి బల్ల మీద పడ్డాయి. పొట్ట పొంగింది, మొహం నల్లబడింది. ప్యూను పరుగెత్తాడు, జీపు వచ్చింది, మనిషిని ఆ సాయంత్రమే కలకత్తా చేర్చారు. పెద్దాస్పత్రిలో తెల్లదుప్పటి మంచం, పొద్దుకో పెద్ద డాక్టరు, సూదులకి లోటు లేదు. హైమవతి రోగం కలకత్తా చూసింది. హైమవతి ఇంకా చూడలేదు.

జ్ఞానరత్నం ప్రతి ఆదివారం ఏసు గుడిలో మోకరించి అతను బతకాలని ఏడ్చింది. బతికి, ఈ బాధేమిటో తెలిసినవాడై తిరిగి రావాలని కూడా అడిగింది. కాలవ అవతల జనమంతా అదే ఆశ పెట్టుకున్నారు. ఒంటికి తగిలాక ఏ మనిషికైనా జ్ఞానం వస్తుంది కదా అనుకున్నారు.

అతను బతికాడు. కొత్త కోటు కుట్టించుకుని ఆఫీసుకి వచ్చాడు. వచ్చిన వారానికే చౌకీదారు హెల్త్ సెంటర్ తలుపుకి ఒక ఆర్డరు అంటించాడు. సత్యవేదం చదివించుకుని వచ్చి వరండాలో కూలబడ్డాడు.

“ఏటన్నాడు?” అని అడిగింది జ్ఞానరత్నం.

“ఆఫీసులో ఎవులూ ‘ఇలా ఇయ్యి’ అనకూడదంట. జనం ఎదట సెయ్యి సాపకూడదంట.”

“మరి డాక్టరు మాటేటి?”

“దాని ఊసు నేదు.”

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఇన్ని చదువులు చదివి, అంత రోగం పడి లేచి, వీడు నేర్చుకున్నది ఇదా! తిట్టడానికి ఎదురుగా మనిషైనా లేడు. గుమ్మంలో కూర్చుని పళ్లు కొరుక్కుంటుంటే హైమవతి దువ్వెనా రిబ్బనూ పట్టుకొచ్చి ఆమె ముందు చతికిలబడింది. ఊడిన జుట్టు మళ్లీ వచ్చింది. జడకి చాలీచాలనట్టుంది.

“దొడ్డమ్మా, జడెయ్యి.”

జ్ఞానరత్నం ఆ కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని చిక్కు లాగింది.

“అబ్బా, నొప్పి!” అని పిల్ల కేక పెట్టింది.

“అది నీదేనే తల్లీ,” అంది జ్ఞానరత్నం, ఇంకో పాయ విడదీస్తూ. “నువ్వే ఉంచుకో.”