జాబితాలో లేని పాలజగ్గు

నేను ఒక వెండి టీపాట్‌ను. కదలకుండా కూర్చోవడానికి నాకు నాలుగు పొట్టి కాళ్ళు పెట్టారు గానీ, నా బతుకులో నిలకడన్నది లేదు. నన్ను పట్టుకున్నవాళ్ళకూ ఉండేది కాదు.

నన్ను చేసినవాడు సికింద్రాబాదు కంసాలి వీరభద్రాచారి. వెండి రేకు సాగగొట్టి బొజ్జ తీర్చాడు, కొమ్ము అతికాడు, పైన ద్రాక్షతీగ చెక్కాడు. వేడికి చెయ్యి కాలకుండా పిడికి రెండుచోట్ల దంతపు బిళ్ళలు వేశాడు. అదే నెలలో, అదే రేకుతో నాకు తోడుగా ఒక పాలజగ్గునూ చేశాడు. నా మీద ఒక చిలుక, దాని మీద ఒక చిలుక. పక్కపక్కన పెడితే రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి.

మమ్మల్ని చేయించుకున్నది బొల్లారం కంటోన్మెంటులోని ఒక దొర. ఆయన వేటకు పోయిన రోజుల్లో మూడేళ్ళ కొడుక్కి విషజ్వరం వచ్చింది. వంటమనిషి మత్తయి పదకొండు రోజులు ఆ పిల్లవాడి మంచం విడవలేదు. జ్వరం దిగిన ఉదయం దొరసాని టీ బల్ల మీది పాలజగ్గు తీసి, కళ్ళనీళ్ళతో మత్తయి చేతిలో పెట్టింది. పొగలు కక్కుతూ నేను అక్కడే ఉన్నాను. దొర తిరిగొచ్చి జగ్గేదని గద్దిస్తే మాత్రం ఆమె నోరు విప్పలేదు. బిడ్డ చావుకు ఎదురు నిలిచిన ఆ తల్లి మొగుడి కోపానికి జడిసింది. మత్తయి పని పోయింది. దేశం విడిచి వెళ్ళేటప్పుడు దొర సామాన్లు వేలానికి పెట్టి, వెండి జాబితా రాసి నా చెక్కపెట్టెలో ఉంచాడు. చివరి వాక్యం ఇది: ‘పాలజగ్గు లేదు. వంటవాడు మత్తయి దొంగిలించాడు.’

ఆ అబద్ధంతోపాటు నేను ఎన్నో గడపలు ఎక్కాను. ఒక వకీలు నన్ను అతిథులకు చూపించి తాను స్టీలు గ్లాసులో కాఫీ తాగేవాడు. ఒక సేటు ఇంట్లో నాలో గంగాజలం పోసి దేవుడి దగ్గర పెట్టారు. చివరికి పాత సామాన్ల కొట్టులో డాక్టర్ కుముదిని కంట పడ్డాను.

కుముదిని పళ్ళ డాక్టరు. పాత వెండి ఆమెకు ప్రాణం. టీ జల్లెడలు, చెంచాలు, చక్కెర గిన్నెలు ఇంటినిండా పోగేసింది. కొన్నదాన్ని చూసి మురిసేది రెండు రోజులే. మూడోనాటి నుంచి లేనిదాని మీదే ధ్యాస. జాబితా చదివినప్పటి నుంచి పాలజగ్గు కోసం కాలు నిలవలేదామెకు. నా ఫొటో తీయించి క్లినిక్కు గోడకు కూడా తగిలించింది.

ఒకనాడు పన్ను పీకించుకున్న ముసలాయన, నోట్లో దూదితోనే ఆ ఫొటోకేసి వేలు చూపించాడు. దూది తీశాక, “ఈ చిలుక మా ఇంట్ల జగ్గు మీద గూడ ఉన్నది డాక్టరమ్మా,” అన్నాడు. పేరు జ్ఞానప్రకాశం. బొల్లారం మత్తయి కొడుకు.

కుముదిని మూడుసార్లు వెళ్ళి అడిగింది. “నాయిన గుర్తమ్మా, ఇయ్య,” అన్నాడు మూడుసార్లూ. నాలుగోసారి నన్ను సంచీలో పెట్టుకుని వెళ్ళింది. డెబ్బై ఏళ్ళ తర్వాత పాలజగ్గు పక్కన నిలబడ్డాను. ఆనందించే వ్యవధి దొరకలేదు. కుముదిని జాబితా తీసి, ఆ చివరి వాక్యాన్ని తెలుగులో చెప్పేసింది.

జ్ఞానప్రకాశం ముఖం పాలిపోయింది. “మా నాయిన దొంగ కాదు. దొరసాని తన చేత్తోటి ఇచ్చిందని సచ్చేదాంక చెప్పిండు.”

“కాగితంలో ఇలా ఉంది మరి,” అంది కుముదిని, ఆయన కళ్ళలోకి చూడకుండా.

ఆయన లేచాడు. జగ్గులో ఉన్న పాలు గ్లాసులోకి వంచి, దాన్ని కడిగి, తువ్వాలుతో తుడిచి ఆమె ముందు పెట్టాడు. “తీస్కపో. దొంగసొమ్మని పేరు పడ్డది నా ఇంట్ల వద్దు.”

నేను అరవాలనుకున్నాను. చూసిన నాకు నోరు లేదు, నోరున్న దొరసాని ఏనాడో పలక్కుండా పోయింది.

సెట్టు పూర్తయింది. కుముదిని మాత్రం ఆ వారమంతా బీరువా తలుపు తీయడం, మూయడం. రెండుసార్లు టీ పెట్టుకుని రెండుసార్లూ చల్లార్చుకుంది. ఆదివారం పొద్దున్నే మా ఇద్దరినీ, ఆ కాగితాన్నీ తీసుకుని బొల్లారం బయలుదేరింది.

“తప్పు చేశాను. ఇది మీదే, ఉంచుకోండి,” అంది.

జ్ఞానప్రకాశం జగ్గును ముట్టుకోలేదు. “మా నాయిన మాట నమ్మి తెచ్చినవా, నా మీద జాలిపడి తెచ్చినవా?”

“జాలితోనే బయలుదేరాను,” అంది కుముదిని. “దారిలో ఒకటి తోచింది. దొంగిలించిన వస్తువును ఎవరైనా దాచుకుంటారు. మీరు రోజూ బల్ల మీద పెట్టుకుని పాలు పోసుకున్నారు. నాకు మీరే చెప్పారు, ఇంట్లో ఉందని.”

“నువ్వు నమ్ముతవు. రేపు ఆ కాగితం ఇంకొకరు చదువుతరు. అప్పటికి నేనుండను చెప్పెటందుకు.”

ఆమె పెన్ను తీసింది. దొర రాత కిందే, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది: ‘పై వాక్యం అబద్ధం. పాలజగ్గును దొరసాని తన చేతులతో మత్తయి గారికి ఇచ్చింది. చెప్పినవారు ఆయన కుమారుడు జ్ఞానప్రకాశం. నమ్మి రాసినది కుముదిని.’

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. పెన్ను అడిగి తీసుకుని సంతకం చేశాడు. అప్పుడు జగ్గు అందుకుని వంటింట్లోకి వెళ్ళి, పాలు పోసుకొచ్చాడు. “కూసో డాక్టరమ్మా, చాయ్ తాగిపో.”

ఇప్పుడు ఆ కాగితం నా పెట్టెలోనే ఉంది. చూడవచ్చినవాళ్ళు పాలజగ్గేదని అడుగుతారు. “బొల్లారంలో ఉంది. వాళ్ళది,” అంటుంది కుముదిని. అనేసి, ఈ సెట్టుకు తగ్గ, చక్కెర ముక్కలు తీసే పట్టకారు ఎక్కడైనా ఉందేమోనని వాళ్ళనే ఆరా తీస్తుంది.