డ్రిల్లు రిజిస్టరు

స్కూలు నుంచి ఫోను వచ్చేసరికి ఆమె మొగుడి చొక్కాకి ఇస్త్రీ చేస్తోంది. ఒక చేయి అయింది, రెండోది కావాలి. "మీ అమ్మాయి, ఇంకో ఇద్దరు కలిసి డ్రిల్లు మాస్టారి రిజిస్టరు చింపి నీళ్ళ తొట్టిలో ముంచారు. హెడ్మాస్టరుగారు వెంటనే రమ్మంటున్నారు" అన్నాడు స్కూలు గుమాస్తా.

ఆ మాట చెప్పగానే మొగుడు పేపరు దించి నవ్వాడు. "వెళ్ళు, వెళ్ళు. ఊళ్ళో పిల్లలు ఎందుకు చెడిపోతున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకొస్తావుగా! నీ ఇంట్లో పిల్ల ఎందుకు చెడిందో కూడా రాసుకురా."

"నలుగుర్ని పెంచాను" అంది అత్తగారు లోపలి గదిలోంచి. "ఒక్కళ్ళ గురించీ గడప దాటి మాట రాలేదు."

"మీరూ రాకూడదూ?" అని మొగుణ్ణి అడిగిందామె.

"నాకు ఆఫీసు లేదా? ఆ చొక్కా అయిందా?"

ఆఫీసు ఆమెకూ ఉంది. ఆ రోజు ఏడు ఇళ్ళు పూర్తి చెయ్యాలి. ఆ సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. రెండో చేయి కూడా ఇస్త్రీ చేసి, చొక్కా ఆయన చేతికిచ్చి, అప్పుడు చెప్పులేసుకుంది. దారి పొడుగునా ఆమెకు కూతురి మీద కోపం రాలేదు. రెండో చేయి కూడా ఇస్త్రీ చేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆమెది సర్వే ఉద్యోగం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలు దారి తప్పడానికీ తల్లిదండ్రుల పెంపకానికీ సంబంధం ఏమిటి, ఆ సంబంధం ఏ జాతివాళ్ళలో ఎలా ఉంటుంది అని ఒక పరిశోధన సంస్థ లెక్క తీయిస్తోంది. అరవై ప్రశ్నలు. ఏడాదిగా ఆ కాగితాలు పట్టుకుని మూడొందల గడపలు ఎక్కింది. ఒక్కో ఇంట్లో ఒక్కో భాష, ఒక్కో దేవుడు, ఒక్కో రంగు. ఒకచోట పిల్లల్ని కొట్టి పెంచుతారు, ఒకచోట బుజ్జగించి పెంచుతారు, ఇంకోచోట పెంచడానికి తీరికే ఉండదు. కానీ కాగితం తీసి ప్రశ్న అడగ్గానే అన్ని ఇళ్ళలోనూ మొగవాడు లేచిపోతాడు. "పిల్లల సంగతులా? దాన్నే అడగండి." మార్కులొచ్చిన పిల్ల "మా అమ్మాయి". సిగరెట్టుతో దొరికిన పిల్లాడు "దాని కొడుకు". ఈ ఒక్క మాట మాత్రం ఏ భాషలో విన్నా ఆమెకు అనువాదం అక్కర్లేకపోయింది. దాన్ని రాసుకోవడానికి మాత్రం అరవై ప్రశ్నల్లో ఎక్కడా గడి లేదు.

హెడ్మాస్టరు గది బయట బల్ల మీద అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకామె నర్సు, రాత్రి డ్యూటీ దిగి అదే తెల్లబట్టలతో వచ్చింది. రెండో ఆమె దర్జీ. ఎక్కడినుంచో వలస వచ్చిన కుటుంబం, ఇంట్లో వేరే భాష. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. ముగ్గురు పిల్లలకు ముగ్గురు తండ్రులు ఉన్నారు. బల్ల మీద మాత్రం ముగ్గురూ తల్లులే.

లోపల గోడవారగా పిల్లలు నిలబడ్డారు. పదిహేనేళ్ళవాళ్ళు. ఆమె కూతురు, ఇంట్లో గువ్వ అని పిలుచుకునే పిల్ల, తలెత్తలేదు. డ్రిల్లు మాస్టారు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హెడ్మాస్టరు ముందున్న బల్ల మీద తడిసి ఉబ్బిన రిజిస్టరు, సాక్ష్యం కోసం ఆరబెట్టినట్టుంది.

హెడ్మాస్టరు పెద్దమనిషి. గొంతు పెంచకుండా మాట్లాడాడు. ముందు దర్జీతో, "చూడమ్మా, మీ వాళ్ళలో పిల్లల్ని గొడ్డును బాదినట్టు బాదుతారు. అందుకే ఇలా మొండికెత్తుతారు" అన్నాడు. నర్సు వైపు తిరిగి, "మీ వాళ్ళలో మరీ గారాబం. ఒక్క మాట అనరు. అందుకే నెత్తికెక్కుతారు" అన్నాడు. చివరికి ఆమెను చూసి నిట్టూర్చాడు. "మనవాళ్ళలో ఇలాంటివి ఉండవు కదమ్మా! మీరు ఉద్యోగమంటూ బయట తిరుగుతుంటే పిల్లని కనిపెట్టుకునేదెవరు చెప్పండి?"

కొట్టినా తల్లిదే తప్పు, కొట్టకపోయినా తల్లిదే తప్పు, కొట్టడానికి ఇంట్లో లేకపోతే అదింకా పెద్ద తప్పు. మూడొందల ఇళ్ళు తిరిగి తేలని లెక్క ఈయనకి కుర్చీలోంచి లేవకుండానే తేలిపోయింది! 'మనవాళ్ళు' అన్న మాటకి ఆమెకు మిగతా ఇద్దరి మొహాలు చూడాలంటే సిగ్గేసింది.

"పిల్లలు ముగ్గురూ క్షమాపణ పత్రం రాయాలి, కింద తల్లులు సంతకం పెట్టాలి. లేదంటే పరీక్షలకు కూర్చోనివ్వను" అన్నాడు హెడ్మాస్టరు.

నర్సు ఆ మాట విన్నట్టు లేదు. రోగుల కాగితాలు తిప్పే అలవాటున్న వేళ్ళతో తడి రిజిస్టరు పేజీ ఒకటి మెల్లగా విడదీసింది.

"దాన్ని ముట్టుకోకండి" అన్నాడు డ్రిల్లు మాస్టారు, అంతవరకూ లేని తొందరతో.

"ఆడపిల్లల పేర్లకెదురుగా ఎర్రసిరాతో ఈ తేదీలేమిటండీ?" అంది నర్సు. "పైన 'సాకులు' అని రాసుంది."

దర్జీ కూతురు నోరు విప్పింది. "నెలసరి వచ్చి డ్రిల్లు చెయ్యలేమంటే, మగపిల్లలందరి ముందూ గట్టిగా చెప్పమంటారు. చెప్పాక రాసుకుంటారు. తర్వాతి నెల ఆ తేదీ చదివి, పోయినసారి పన్నెండున అన్నావు, ఈసారి ఆరుకే ఎలా వచ్చింది, నాకు టోపీ పెడతావా అంటారు. అందరూ నవ్వుతారు."

"క్రమశిక్షణ కోసం" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

ఆమె కూతురి వైపు చూసింది. ఈ మాట ఆమెకు కొత్తది కాదు. రెండు నెలల కిందట వంటింట్లో గువ్వ పక్కన నిలబడి, "అమ్మా, మాస్టారు అందరి ముందూ అడుగుతున్నారే" అంది. తను చేస్తున్న పని ఆపలేదు. "ష్, ఇలాంటివి పైకంటారా? నాన్న వింటారు. నాలుగు రోజులు ఓర్చుకో. నేను ఓర్చుకోలేదూ?" అంది. అన్ని ఇళ్ళలోనూ, పిల్లలు మీతో కష్టం చెప్పుకుంటారా అని అడిగి కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ తిరిగిన మనిషి! సొంత వంటింట్లో మాత్రం పిల్ల నోరు నొక్కేసింది. పెంపకానికీ పిల్లలు చేసే పనికీ సంబంధం ఉంది. రిజిస్టరు చింపే దాకా వచ్చిందంటే, చింపడానికి ముందు చెప్పుకున్న చోట వినేవాళ్ళు లేకపోబట్టే.

"సంతకం పెట్టను" అందామె.

"అమ్మా, మీరు చదువుకున్నవారు..."

"అందుకే పెట్టను. పుస్తకం చింపడం తప్పే, దానికి శిక్ష వెయ్యండి, పడతారు. ఈ తేదీల సంగతి మీ పైవాళ్ళకి నేను రాసిస్తాను. ఈ రిజిస్టరు కూడా జత చెయ్యాలి. మీ గుమాస్తాని పిలిచి, ఈ రెండూ అందినట్టు రసీదు ఇప్పించండి."

బయట బల్ల మీదే ఫిర్యాదు రాసింది. దర్జీ పక్కన కూర్చుని, "నాకు మీ అక్షరాలు రావు. నువ్వు రాయి, నేను సంతకం పెడతా. కానీ రాసిందంతా చదివి వినిపించు. ఒక్క ముక్క మెత్తబడినా ఊరుకోను" అంది. మెత్తబడ్డ ముక్కలు రెండు దొరికాయి. రెండూ కొట్టేయించింది. 'అసౌకర్యం' అని రాసినచోట 'అవమానం' అని రాయమంది నర్సు.

ఇంట్లో ఆ సాయంత్రం ఇల్లు పీకి పందిరేశారు. "సంతకం గీకి దులుపుకు రాక, అలాంటి మాటలు కాగితం మీద పెడతావా? పదిమందిలో తలెత్తుకోవడమెలా?" అన్నాడు మొగుడు. "మాట గడప దాటింది" అంది అత్తగారు. ఆమె లేచి కూతురి గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"నువ్వు నాకు చెప్పావు. నేను వినలేదు. తప్పు నాది" అంది.

గువ్వ దుప్పటి అంచు మడతపెట్టింది. "నాన్న వింటారని భయపడ్డావు కదా" అంది.

"అవును."

"విన్నా ఏం చేసేవారే? నిన్ను తిట్టేవారు, అంతేగా."

పదిహేనేళ్ళ పిల్లకి ఇంత తెలిసిపోయిందే అని ఆమెకు ఏడుపొచ్చింది.

పది రోజులకు విచారణకు ఇద్దరు ఆఫీసరమ్మలు వచ్చారు. పిల్లలెవరూ నోరు విప్పరని హెడ్మాస్టరు అనుకున్నాడు. నలభై ఒక్కమంది ఆడపిల్లలు వరస కట్టి చెప్పారు. పై తరగతుల్లోకి వెళ్ళిపోయినవాళ్ళు కూడా వచ్చారు. డ్రిల్లు మాస్టారిని ఉద్యోగంలోంచి తీసేశారు. రిజిస్టరు చింపినందుకు ముగ్గురు పిల్లలూ మూడు రోజులు లైబ్రరీ దుమ్ము దులపాలన్నారు. దులిపారు. పరీక్షలూ రాశారు.

ఊళ్ళో ఆ కబురు పాకాక నలుగురూ మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం ఆమె భోజనాలకి పళ్ళాలు పెడుతుంటే మొగుడు ఫోనులో తమ్ముడితో మాట్లాడుతున్నాడు. స్పీకరు పెట్టి మరీ గట్టిగా. "విన్నావురా మా అమ్మాయి సంగతి? పట్టిన పట్టు విడవలేదు! అచ్చం నా పోలిక. పెంపకమంటే అదిరా!"

గువ్వ తల్లి వైపు చూసింది. ఆమె చేతిలోని పళ్ళెం కింద పెట్టి, తడి చేతులు తుడుచుకుని, ఫోను దగ్గరికి వచ్చి వంగింది.

"మరిదిగారూ, నేను" అంది నెమ్మదిగా. "స్కూలువాళ్ళు పిలిచిన రోజు మీ అన్నగారు రాలేదు. పిల్లది మొదట చెప్పుకున్నప్పుడు నేను వినలేదు. కాబట్టి అది ఆయన పోలిక కాదు, నా పోలిక కూడా కాదు. నా పోలికే అయితే అది ఈపాటికి ఓర్చుకోవడం నేర్చేసుకునుండేది."