పచ్చని ముఖం

జోగులమ్మ పై మెట్టు నుంచి ఊడ్చుకుంటూ కిందికి దిగుతోంది. ఒక్కో మెట్టు మూలలో చీపురు కొస తిప్పి గీకితే తప్ప సుద్దపొడి పోదు. ఆమె అలాగే గీకుతుంది. వంగిన నడుము, పైకి దోపుకున్న కుచ్చిళ్లు, నిమ్మకాయంత తెల్లని కొప్పు, పగుళ్లు బారిన వెడల్పాటి పాదాలు. ఆ మెట్ల మీద రోజూ ఎక్కి దిగేవాళ్లకు ఆమె ముఖం గుర్తుంటుందో లేదో గాని, ఆ చీపురు చప్పుడు మాత్రం గుర్తుంటుంది.

ఆదివారం కాబట్టి గద్వాలలోని ఆ కాలేజీకి మామూలు పిల్లలు రారు. దూరవిద్య క్లాసులకు పెద్దవాళ్లు వస్తారు. ఒక బస్సు కండక్టరు, ఒక నర్సమ్మ, పత్తి చేలో పూలకు క్రాసింగ్ చేసే పని వదిలి వచ్చిన ఆలుమగలు, చంకలో బిడ్డతో ఒక తల్లి. వారమంతా ఎవరి బతుకు వాళ్లు బతికి, మిగిలిన ఒక్క రోజును చదువుకు పెట్టినవాళ్లు. వాళ్ల కోసం గదులు తెరిచి, కుండలో నీళ్లు నింపి, గంట కొట్టేది జోగులమ్మే. ఆమె పుట్టిల్లు బల్మూరు. భర్త శ్రీశైలం ఈ కాలేజీకి వాచ్‌మన్. ఆయన కన్నుమూశాక ఆమెను పనిలో పెట్టుకున్నారు. కొడుకు రాయచూరులో లారీ తోలుతాడు. నెలకొకసారి ఫోన్ చేసి, "తిన్నవా అమ్మా?" అంటాడు. తిన్నానంటుంది. అంతటితో మాటలైపోతాయి.

మెట్లు సగం ఎక్కాక వచ్చే మలుపులో ఒక స్టూలు ఉంటుంది. అది జోగులమ్మ తెచ్చి వేసిందే. ఒకసారి ఎవరో లెక్చరర్ దాన్ని తన్నుకుని పడబోయి గట్టిగా తిట్టాడు. ఆమె తిట్లన్నీ విని, ఆయన వెళ్లాక స్టూలును గోడకు ఇంకాస్త జరిపిందే గాని తీయలేదు. వనజ పై గదికి వెళ్లాలంటే అక్కడ కూర్చుని ఊపిరి తీసుకోవాలి.

వనజది మానవపాడు. చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో వచ్చిన జ్వరం గుండెలోని కవాటాన్ని పాడుచేసి పోయింది. పొలం పనికి ఆ ఒళ్లు ఆగదు. ఊళ్లో ఒక విత్తనాల దుకాణంలో కూర్చుని బిల్లులు రాస్తుంది. డిగ్రీ అయితే కూర్చుని చేసే కొలువు ఏదైనా దొరుకుతుందని, బీయే చివరి ఏడాది దాకా వచ్చింది. ఆ ఏడాది ఫీజుకు ఈరోజే ఆఖరు.

ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది. జోగులమ్మ చీపురు గోడకు ఆనించింది.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

వనజ చేయి ఎత్తి, జర ఆగమన్నట్టు సైగ చేసింది. మెడ దగ్గర నరం చీర అంచు కదిలేంతగా కొట్టుకుంటోంది. కాసేపటికి కుదుటపడింది.

"పోయిన వారం ఆ రాజు కథ ఆడికే ఆగె. రొట్టెల కోసం లొల్లి చేసిండ్రంటివి. ఏమాయె మల్ల?" అంది జోగులమ్మ. వనజ చదివే చరిత్రలోంచి ప్రతి ఆదివారం ఆమెకు ఒక పాఠం ముట్టాలి.

"రాజును దించిండ్రు పెద్దమ్మా."

"రొట్టెలకేనా?"

"రొట్టె గూడ దొరకకపాయె."

"ఏం రొట్టె? జొన్నదా?"

"గోదుమది."

"అట్ల చెప్పు. జొన్నరొట్టె అలవాటు చేసుంటే గంత లొల్లి కాకపోవు."

వనజ గుండె మీద చేయి పెట్టుకుని నవ్వింది. "నవ్వియ్యకు పెద్దమ్మా, దమ్ము వస్తది."

నవ్వు ఆగాక ఇద్దరూ పై గది తలుపు వైపు చూశారు. వనజకు సాయం దొరికే దారులన్నీ శ్రవణ్ కుమార్ సార్ పోయిన వారమే విడమరచి చెప్పాడు. ఆ దూరవిద్య కేంద్రానికి ఆయనే పెద్ద. తనకు తెలిసినంతవరకు స్కాలర్‌షిప్పు రోజూ కాలేజీకి వచ్చేవాళ్లకే అన్నాడు. ఫీజు మినహాయింపు అడగాలంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చిన సర్టిఫికెట్ కావాలి. కాలికీ కంటికీ శాతం రాస్తున్నారు గాని, వనజ గుండెకు ఎవరూ రాయలేదు. "రోగం గూడ రోజు బడికి వచ్చేటోళ్లకే వస్తదా సారూ?" అని జోగులమ్మ మెట్ల మీది నుంచే అడిగితే, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇక మిగిలింది లెక్చరర్లు, పాత విద్యార్థులు కలిసి పెట్టుకున్న చిన్న నిధి ఒకటి. పోయిన ఏడాది ఎవరో ఏ రోగమూ లేకుండానే కాగితాలు చూపించి డబ్బు తీసుకుపోయారట. అందుకని ఈసారి మనిషిని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, చూసి ఇస్తామన్నారు.

హైదరాబాదులో గుండె ఆపరేషన్‌కు పిలుపు వచ్చింది. ఆపరేషన్ ఉచితమే. అక్కడ ఉండడానికి, తిరగడానికి అయ్యే ఖర్చును వనజ కూడబెట్టుకుంది. ఫీజు కడితే అది మిగలదు. నిధి సాయం రాకపోతే ఆపరేషన్ వెనక్కు పెట్టి ఫీజే కట్టాలని ఆమె మనసులో అనేసుకుంది. ఆ సంగతి జోగులమ్మకు ఒక్కదానికే చెప్పింది.

"పెద్దల ముందరికి పోయే రోజు. గిట్ల పీనుగ మొకం ఏసుకొని పోతవా?" జోగులమ్మ కొంగు ముడి విప్పింది. అందులో కాగితం పొట్లం. "శుక్రవారం జములమ్మ కాడికి పోయిన. నీ పేరు చెప్పి మొక్కిన. బండారు తెచ్చిన."

అమ్మవారికి ఎక్కించి తెచ్చిన పసుపు అది. పరీక్షకు పోయినా, పెళ్లిచూపులకు కూర్చున్నా, ఏ పెద్ద పనికి బయలుదేరినా ఆ పసుపు ముఖానికి రాసుకుని పోతే తల్లి వెంట వస్తుందని వాళ్ల నమ్మకం. జోగులమ్మ అరచేతిలో పసుపు వేసి రెండు నీటి చుక్కలు కలిపింది. తడి పసుపు వాసన లేచింది. చేయి ముందుకు చాపి, మధ్యలో ఆపేసింది.

"నేను పెట్టొచ్చునా బిడ్డా? నాకు మొగుడు లేడు."

"నువ్వు పెడితేనే పెట్టుకుంట," అని వనజ కళ్లు మూసుకుంది.

నుదుటి నుంచి గడ్డం దాకా, చెంపల మీద, చెవుల ముందు, జోగులమ్మ మెల్లగా రాసింది. భర్త శ్రీశైలం పోయాక ఆ వేళ్లు పసుపుతో ఏ ముఖాన్నీ ముట్టలేదు. మధ్యలో కుంకుమ దిద్దింది. ప్రసాదం తమలపాకులో వక్క, సున్నం పెట్టి నమలమని ఇచ్చింది. కాసేపటికి వనజ పెదవులు ఎర్రగా పండాయి. వనజ ఫోన్ తీసి అందులో తన ముఖం చూసుకుంది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

"నేను గిట్ల గూడ ఉంటనా పెద్దమ్మా?"

"పెండ్లిపిల్ల లెక్కున్నవ్. పో. కుడికాలు ముందు పెట్టు."

కింద టీ కాచి, గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని జోగులమ్మ పైకి వచ్చేసరికి తలుపు ఓరగా ఉంది. లోపల నిధి బాధ్యత చూసే పద్మజ మేడం గొంతు వినిపించింది. కటువుగా లేదు. అలసటగా ఉంది.

"నీ కాగితాలు చూశానమ్మా. కాగితాలు అందరూ తెస్తున్నారు. నిన్ను చూస్తే నాకన్నా ఆరోగ్యంగా ఉన్నావు. ముఖం కళకళలాడుతోంది. ఇంకా కష్టంలో ఉన్నవాళ్లు బయట కూర్చున్నారు కదా, వాళ్లకు అన్యాయం చేయలేం."

"జబ్బు ఉన్నది మేడం," అంది వనజ.

తాను చేసిన పని ఏమిటో జోగులమ్మకు అప్పుడు తెలిసింది. పాలిపోయిన చెంపలను పసుపు కప్పింది. నీలం తిరిగిన పెదవులను ఆకు ఎర్రన కప్పింది. చూసి ఇస్తామన్నవాళ్లు చూడవలసినదాన్నంతా తన చేతులతోనే దాచి పంపింది.

లోపలికి వెళ్లి, మేడం పక్కన కూర్చున్న శ్రవణ్ కుమార్ సార్ ముందు బల్ల మీద పళ్లెం పెట్టింది. "సారూ, తప్పు నాది. గా పిల్లను నేనే తయారు చేసి పంపిన." ఎవరూ ఏమీ అనకముందే కొంగు చివర నీళ్ల జగ్గులో ముంచి, వనజ ముందుకు వచ్చి నిలబడింది.

నిలబడి, ఆగిపోయింది.

శ్రీశైలం దశదినం నాడు తెల్లవారకముందే ఆడవాళ్లు ఆమెను కృష్ణ ఒడ్డుకు తీసుకుపోయారు. ఎవరో తడిగుడ్డతో ఆమె నుదురు, చెంపలు తుడిచారు. ఆ గుడ్డ చల్లదనం ఇప్పటికీ ఆమె ముఖానికి తెలుసు. పెళ్లి కావలసిన పిల్ల ముఖం మీది పసుపును, అందులోనూ అమ్మవారి పసుపును, మొగుడు పోయినదాని చేత్తో తుడవడం ఎక్కడైనా ఉందా? తల్లీ, నువ్వైనా చెప్పు అనుకుంది. కొంగు నుంచి నీళ్లు కారి ఆమె పాదాల మీద పడుతున్నాయి.

"తుడువు పెద్దమ్మా," అంది వనజ. "నా మొకమే గద. ఏడికి పోతది?"

జోగులమ్మ తుడిచింది. నుదురు, ఒక చెంప, రెండో చెంప. పెదవుల దగ్గర కొంగు మడత మార్చి రెండుసార్లు అద్దింది. పసుపు కింది నుంచి బూడిద రంగు ముఖం బయటపడింది. కళ్ల కింద నలుపు, నేరేడు రంగు తిరిగిన పెదవులు. మెడ దగ్గర ఆ నరం మునుపటిలాగే కొట్టుకుంటోంది.

పద్మజ మేడం కుర్చీలోంచి లేచి, ఫ్యాను వేగం పెంచి వచ్చింది. వనజ భుజం మీద చేయి వేసింది. "ముందు నీళ్లు తాగమ్మా," అంది.

"మేడం, ఒక్కటి అడుగుత, కోపం చెయ్యకుండ్రి," అంది జోగులమ్మ. "మంచిగ కనపడుడు తప్పా?"

మేడం ఆమె వైపు చూసి, చూపు దించుకుంది. అది తప్పు పట్టి అడిగిన ప్రశ్న కాదని ఆమెకూ తెలిసినట్టుంది.

శ్రవణ్ కుమార్ సార్ వనజను కూర్చోబెట్టి మెల్లగా అన్నీ అడిగాడు. ఆపరేషన్ సంగతి అప్పుడు బయటికి వచ్చింది. ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

"ఫీజు నిధి కడుతుంది. నువ్వు కూడబెట్టుకున్నది పట్టుకుని ఆపరేషన్‌కు పో. నీ పేరు హైదరాబాద్ కేంద్రానికి మార్పిస్తా. అక్కడ కింది అంతస్తులోనే క్లాసులు, దవాఖానా దగ్గర. చదువు ఆగదు."

"అంటే, ఇంక ఇక్కడికి రానా సార్?"

"ఈ మెట్లు నీకొద్దమ్మా."

మధ్యాహ్నం ఇద్దరూ చింతచెట్టు నీడలో కూర్చున్నారు. వనజ బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసింది. జొన్నరొట్టె, దోసకాయ కూర. జోగులమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది.

"ఉప్పే లేదు కదనే!"

"డాక్టరు వద్దన్నడు. ఉప్పు తింటే కాళ్లు ఉబ్బుతయ్."

"గిట్ల రోజు తింటవా?"

"అలవాటైంది."

జోగులమ్మ తన దగ్గరున్న మామిడికాయ తొక్కు పక్కన పెట్టేసి, ఆ చప్పిడి కూరనే రొట్టెతో చివరిదాకా తింది. వనజ తినడం ఆపి ఆమెను చూస్తూ కూర్చుంది.

గేటు దగ్గర మానవపాడు బస్సు హారన్ కొట్టింది. వనజ కుళాయి దగ్గర ముఖం కడుక్కుంది. ఏమీ రాసుకోలేదు. వంగి జోగులమ్మ పాదాలు ముట్టబోతే, ఆమె సగంలోనే పట్టుకుని లేపింది.

"వంగకు, దమ్ము వస్తది. పో, బస్సు పోతది."

"బాగైనంక వస్త పెద్దమ్మా. గా రాజు సంగతి ఇంకా ఉన్నది."

"వస్తవు తియ్యి. నువ్వొచ్చి చెప్పిందాక వాడు ఆడనే ఉంటడు."

బస్సు కదిలింది. కిటికీలోంచి ఒక చేయి కనిపించి, మలుపు తిరిగాక కనిపించలేదు. జోగులమ్మ సాయంత్రం గంట కొట్టింది. గదులు ఊడ్చి తాళాలు వేసింది. చెట్టు కిందికి వచ్చినప్పుడు చూసింది. ఆ తొందరలో వనజ స్టీలు డబ్బా మరిచిపోయింది. మూతలో సగం రొట్టె మిగిలి ఉంది. రొట్టెను కాకులకు వేసి, డబ్బాను బూడిదతో తోమి, చెట్టు మొదట్లో రాతి మీద బోర్లించింది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు సాయంత్రపు ఎండలో మెరుస్తోంది. ఆమెకు చదవడం రాదు. అది ఎవరి పేరో తెలుసు.

ఆమె ఇంటిదారి పట్టాక కూడా, బోర్లించిన డబ్బా అంచు నుంచి రాతి మీదికి ఒక్కో నీటి బొట్టు జారుతూనే ఉంది.