గ్యాసులైటు కింద కొలను

చింతామణిలో పట్టుగూళ్ళు దాచే పాత కొట్టొకటి అద్దెకు తీసుకుని, దాని మొగాన ‘శారదా చిత్ర నాట్యశాల’ అని బోర్డు కట్టినవాళ్ళు కేశవమూర్తి, భాగీరథి దంపతులు. అది 1938. చిత్రం ఆయనది, నాట్యం ఆమెది. ఆయన నాటకాలకు తెరలు రాసేవాడు. ఆమె ఆడపిల్లలకు పాటలూ ఆటలూ నేర్పి, వాళ్ళ ముఖాలకు తనే రంగులు వేసేది. ఊరు ఊరుకుందా అంటారా? అనవలసిన నాలుగు మాటలూ అని, ఆ తర్వాత పిల్లల్ని పంపింది.

ఆ మరుసటేడు బట్లహళ్ళి నుంచి మునినారాయణప్ప వచ్చి, తమ ఊరి నాటకానికి ఉద్యానవనం తెర కావాలన్నాడు. బట్లహళ్ళి నాటకమంటే మాటలా! చుట్టుపక్కల ఊళ్ళన్నీ బండ్లు కట్టుకుని వస్తాయి. అంతవరకూ వాళ్ళ తెరలు బెంగుళూరు నుంచే వచ్చేవి. ఇది నెగ్గితే ఇక తెర కావలసిన ప్రతివాడూ చింతామణికే వస్తాడు. చెడితే, చిన్న ఊరివాళ్ళ పనితనం ఇంతేనని నలుగురూ నవ్వుతారు.

కేశవమూర్తి తలుపులు బార్లా తెరిచి, పట్టపగటి వెలుగులో ఇరవై రోజులు రాశాడు. నీలాల కొలను, తామరలు, పైన సాయంకాలపు ఆకాశం. చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. భాగీరథి మాత్రం మాట మింగలేక, కక్కలేక రెండు రోజులు సతమతమై చివరికి అనేసింది.

“ఏమండీ, ఈ నీలం నిలవదు. గ్యాసులైటు కింద బొగ్గయిపోతాది.”

“మైసూరులో నాలుగేండ్లు నేర్చుకొని వచ్చినోణ్ణి. నీలం సంగతి నాకు చెప్తాండావా?”

“మీరు పగలు చూసే పటాలు నేర్చుకున్నారు. నేను రాత్రి ఆటకి రంగులు వేస్తాండాను. మొదటిసారి మన పిల్లల్లో నాగరత్నకి కృష్ణుడి వేషం కట్టి నీలం పూసినప్పుడు ఏమైంది? ముఖమే కనపడలేదు. పిల్లనగ్రోవి ఒకటే వచ్చి ఆడిపోయింది!”

ఆయనకు చుర్రుమంది. కుంచె పడేసి, అన్నం కూడా వద్దని అరుగు మీద కూర్చున్నాడు. మంచి మనిషే, కానీ పనిలో వంక పెడితే మాత్రం ముక్కు మీదే కోపం. భాగీరథి బతిమాలలేదు. మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి, గ్యాసులైటుకు గాలి కొట్టి వెలిగించింది.

“కోపం తర్వాత పడుదురు గానీ, ఒక్కసారి లోపలికి రండి” అని పిలిచింది.

వచ్చి చూశాడు. కొలను లేదు. దాని చోట తారు పోసినట్టు నల్లటి మడుగు ఉంది. ఆయన వంగి, పడేసిన కుంచె తీసుకున్నాడు. ఆ తర్వాత, “ఎంత తెలుపు కలపాల?” అని అడిగాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో బొమ్మ గురించి ఆయన ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది. భాగీరథికి ఏడుపొచ్చినంత పనైంది. ఏడుస్తూ కూర్చుంటే రంగులెవరు కలుపుతారని చెంగు బిగించింది. పిల్లల ముఖాలకు కలిపినట్టే నీలంలో తెలుపు పోసి, చిటికెడు పచ్చ వేసింది. పగలే తలుపులు మూసుకుని, ఆమె కలిపిన రంగుతో ఆయన కొలనంతా తిరిగి రాశాడు.

మూడోనాడు పొద్దున మునినారాయణప్ప తన తమ్ముడు ఆదెప్పను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎండలో ఆ తెర చూడాలి! సున్నంలో ఆకుపసరు పిండినట్టుంది.

“ఇదేంది సామీ? నీళ్ళు ఇట్ల ఉంటాయా యాడన్నా? ఇంతకన్నా బెంగుళూరోళ్ళే మేలు” అని మునినారాయణప్ప గుమ్మం వైపు తిరిగాడు.

బేరానికి మగవాళ్ళు వస్తే భాగీరథి లోపలి తలుపు వెనకే ఉంటుంది, అది అలవాటు. అక్కడే నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె మాట విని చెడిందని భర్త ఒక్క మాట అంటే చాలు, నేరమంతా ఆమె నెత్తినే పడుతుంది.

“పోవద్దండప్పా, నిలబడండి. భాగీరథీ, ఇట్లా వచ్చి తలుపులు వెయ్యి. లైటు ఎలిగించు” అన్నాడు కేశవమూర్తి.

వచ్చింది. తలుపులు వేసి, లైటుకు గాలి కొట్టింది. వెలుగు బుస్సుమని లేచింది. కొలనులో నీళ్ళు నిండాయి! చల్లటి నీలం, అలల మీద తళుకు, ఊగుతున్నట్టే తామరలు. ముందుకు నడుస్తున్న ఆదెప్ప గబుక్కున పంచె మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకున్నాడు.

“ఓరి నీ! తడుస్తాదనుకుంటివేంరా?” అని మునినారాయణప్ప పగలబడి నవ్వి, కేశవమూర్తి చేతులు పట్టుకున్నాడు. “నీ చెయ్యి మహా చెయ్యి సామీ! దర్బారు తెర కూడా నువ్వే రాయాల. దానికి ఏం రంగులు పెడ్తావు?”

“రాసేది నేనే. రంగుల మాట ఆమెని అడగండి. ఈ తెర నేను చెడగొట్టినాను, ఆమె నిలబెట్టింది.”

మునినారాయణప్ప భాగీరథి వైపు తిరిగి, భుజం మీది తువాలు తీసి చేత పట్టుకున్నాడు.

“చెప్పమ్మా” అన్నాడు.

భాగీరథి తలుపు చాటుకు వెళ్ళలేదు. చాప పరిచింది.

“కూర్చోండప్పా. దర్బారంటే మొదట స్తంభాల సంగతి చెప్పాల” అంది.

అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. వాళ్ళ పక్కనే కేశవమూర్తి కూడా కూర్చుని, ఆమె చెప్పేది రాసుకోవడానికి పెన్సిలు తీశాడు.